చెంప మీద చాప గీతలు

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి, చేతిలో ఫోను కాసేపు బోర్లా పెట్టండి. మొన్న ఆదివారం మధ్యాహ్నం ముచ్చటతో మొదలుపెడతాను. కొండాపూర్‌లో మాకొక కర్రీ పాయింట్ ఉంది. ముందు దుకాణం, వెనక మేముండే రెండు గదులు. సగం దించిన షట్టర్ కిందికి వంగి, పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ అమ్మాయి లోపలికి తొంగి చూసింది. "ఏంటండీ ఆంటీ, ఆదివారం పూట మూసేస్తే మేమేం తినాలి?" అంది. "గుడ్లు కొట్టుకోని తిను బిడ్డా" అన్నాను. నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. నాకు మాత్రం మా ఆడబిడ్డ ఒకప్పుడు ఇట్లాగే షట్టర్ దించడం గుర్తొచ్చి, కడుపులో పాత మంట మళ్ళీ అంటుకుంది.

ఈ చుట్టుపక్కల ఇళ్ళలో చాలామంది అన్నం ఒక్కటే వండుకుంటారు. కూర, పప్పు, చారు మా దగ్గర కవర్లలో కట్టించుకుపోతారు. మేము ఆదివారం కూడా తెరిచే రోజుల్లో ఆ సాయంత్రమైతే మరీ. తెల్లారితే ఆఫీసు అన్న దిగులుతో ఎవరికీ పొయ్యి ముట్టించబుద్ధి కాదు. మొగుడూ పెళ్ళాం పిల్లలూ ఒక్క బండి మీద వచ్చి, ఏ కూర కావాలో నా ముందే కొట్లాడుకుని, వేడి కవర్లు పట్టుకుని పోయేవాళ్ళు. గుత్తివంకాయ కవర్‌కి రబ్బరు వేస్తూ, ఈ కూర చుట్టూ వీళ్ళంతా కూర్చుంటారు గదా అని కుళ్ళుకునేదాన్ని. మా ఇంట్లో మిగిలితే కూర, లేకపోతే పచ్చడి. అదీ ఒకరి తర్వాత ఒకరు, నిలబడి.

ప్రగతి నగర్‌లో మా ఆడబిడ్డదీ ఇదే దుకాణం. వంట నా పక్కన నిలబడి నేర్చుకుంది. అయినా ఆదివారం మధ్యాహ్నం గిరాకీ అయిపోగానే షట్టర్ దించేసేది. గిరాకీ పాడవదా అని ఒకసారి అడిగాను. "గిరాకి రేపొస్తది వదినా. నిద్ర ఇయ్యాల్నే వస్తది" అంది. దాని దుకాణం ఎప్పుడు మూతపడుతుందా అని ఎదురుచూశాను, మీ దగ్గర దాచేదేముంది. మూతపడలేదు. పైగా దాని మొహం నునుపెక్కింది, నా కళ్ళ కింద మసి పేరుకుంది.

ఆ రోజుల్లోనే మా ఆయన ఆదివారం మధ్యాహ్నం ఉల్లిగడ్డ తెస్తానని బండి తీసేవాడు. ట్యూషనని మా అమ్మాయి వెనక ఎక్కేది. తిరిగొస్తే ఇద్దరికీ ఆకలి ఉండేది కాదు. ఆయన చెంప మీద అడ్డగీతలు కనిపించేవి. ఏందిది అంటే హెల్మెట్ అనేవాడు. హెల్మెట్‌కి చాప అల్లిక ఉంటుందా అని నాకు తట్టనే లేదు.

ఒక ఆదివారం నా బుద్ధి ఊరుకోలేదు. ఆడబిడ్డ నిజంగా మూస్తుందా, లేక నన్ను మభ్యపెట్టి తాను అమ్ముకుంటుందా చూద్దామని, తరగాల్సిన కూరగాయలు అట్లాగే వదిలి ఆటో ఎక్కాను. షట్టర్ నిజంగానే దించి ఉంది. పక్కన వాళ్ళింటి గుమ్మం ముందు మా బండి, బండి మీద ఉల్లిగడ్డ సంచి.

తలుపు తోశాను. నేల మీద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా చాప. ఆడబిడ్డా, వాళ్ళాయనా, పిల్లలూ, మధ్యలో నోరు తెరుచుకుని మా ఆయన. మేనత్త చేతి మీద తల పెట్టుకుని నా బిడ్డ. మొగుడు దొంగచాటుగా ఎక్కడికో పోతున్నాడంటే ఏ ఆడదానికైనా మండుతుంది. నా మొగుడు దొంగచాటుగా పోయింది నిద్రకు. అందుకు ఇంకా మండింది.

నా గాజుల చప్పుడు పట్టి, కన్ను తెరవకుండానే ఆడబిడ్డ, "వదినా, జర తలుపు దగ్గరికెయ్యి. ఎండ కండ్లల్ల పడుతుంది" అంది. మా ఆయన దిగ్గున లేచి, "ఉల్లిగడ్డ తెచ్చిన, బండి మీదనే ఉంది" అన్నాడు. "ఆ చెంప మీది గీతలు గూడ మార్కెట్లనే కొన్నవా" అన్నాను. బిడ్డ మాత్రం కదల్లేదు. "మనింట్ల పండుకోనిస్తవా అమ్మా" అంది.

ఆడబిడ్డ లేచి, గిన్నె అడుగున సర్వపిండి ఒత్తి పొయ్యి మీద పెట్టింది. బియ్యప్పిండి, శనగపప్పు, పల్లీలు, నువ్వులు. కవర్లో కట్టి అమ్మేది కాదది, గిన్నెలోంచి వేడివేడిగా తుంచుకు తినాల్సిందే. కరకరలాడే అంచు నా చేతిలో పెట్టింది. నేను వండనిది నా నోట్లో పడి ఎంత కాలమైందో. కుళ్ళు కుళ్ళుగానే ఉంది, కళ్ళు మాత్రం మూతలుపడ్డాయి. లేచేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఆ సాయంత్రం మా షట్టర్ లేవలేదు.

సోమవారం గిరాకీ ఎప్పటిలాగే వచ్చింది. "నిన్న గుడ్లు పొరటు చేసుకున్నామండీ, పిల్లలకి భలే నచ్చింది" అన్నదొకామె. నేను లేక ఒక్కరూ పస్తులుండలేదు. అది ఆడబిడ్డ నిద్రకంటే ఎక్కువ కుట్టింది. వారం తిరక్కుండా ఆడబిడ్డ చాపకన్నా పెద్ద చాప కొన్నాను. "ఇగ ఆదివారం మా ఇంట్లనే" అని కబురు పెట్టాను.

అప్పటినుంచి వస్తూనే ఉన్నారు. చదువు అయిపోయి ఉద్యోగం చేస్తున్నా, మా అమ్మాయి ఇప్పటికీ మేనత్త చేయే వెతుక్కుంటుంది. ఆడబిడ్డకు తల వాల్చగానే నిద్ర, నా చెవి మాత్రం షట్టర్ దగ్గరే కాపలా. మొన్న ఆ సాఫ్ట్‌వేర్ అమ్మాయి వెళ్ళాక, షట్టర్ పూర్తిగా దించి వచ్చి చాప అంచున ఒరిగాను. నిద్రలోనే నా బిడ్డ కాలు నా మీద పడింది. కదిలితే తీసేస్తుందేమోనని ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాను. లేచాక అద్దంలో చూసుకుంటే నా చెంప మీదా గీతలున్నాయి.

సోమవారం పొద్దుటికి అవి ఉండవు. కాలం అంత తొందరగా చెరిపేస్తుంది గనుకే వారం వారం మళ్ళీ వేయించుకోవాలి. మీ ఇంట్లో చాప మూలన చుట్టి నిలబెట్టే ఉండకూడదు. మీ వాళ్ళందరి చెంపల మీదా ఆ గీతలు చల్లగా పడుతూ ఉండాలి.