ఓడినవాళ్ల చేతి నీళ్లు

మా ఆయన బాలకృష్ణ పాల్వంచలో కరెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేసేవారు. ఆ సంగతి మా కాలనీ వాళ్లకే తెలుసు. ఏన్కూరు నుంచి మణుగూరు అవతలి అడవి ఊళ్ల దాకా మాత్రం అందరికీ ఆయన అంపైర్ సారే. ఎక్కడ కబడ్డీ పోటీలు పెట్టినా ఫోన్ మా ఇంటికి వచ్చేది. ఆయన డ్యూటీ మార్చుకుని, తెల్లచొక్కా వేసుకుని, విజిల్ మెడలో తగిలించుకుని మొదటి బస్సుకి వెళ్లేవారు.

ఆయనతో పాటు నేను కట్టిన డబ్బా కూడా వెళ్లేది. ఆట అయ్యేదాకా ఆ ఊళ్లో ఎవరింటి ముద్దా ముట్టేవారు కాదు. ఎంత బతిమాలినా అంతే.

"పొద్దుగాల వాళ్లింట్ల కోడికూర తిని, మాపటికి వాళ్ల పిల్లగాన్ని అవుటియ్యాలంటే నోట్లకెల్లి విజిల్ వస్తదా?" అనేవారు.

డబ్బాలో అన్నం, పప్పుచారు, ఇంత చింతకాయ పచ్చడి. ఎక్కడో ఓ నీడన ఒక్కరే కూర్చుని తిని, డబ్బా తనే కడుక్కుని తెచ్చేవారు. ఇంట్లో గ్లాసు కూడా కడగని మనిషి, ఆ డబ్బా మాత్రం కడిగేవారు.

ఇంకో పద్ధతి ఉండేది. అది ఆయన ఒక్కరిదే కాదు, మా పక్క ఊళ్లలో నేను పుట్టక ముందు నుంచీ ఉన్నది. ఆట ముగిశాక అంపైరు ఓడిన జట్టు దగ్గరికి వెళ్లి నీళ్లు అడగాలి. వాళ్లు చెంబుతో ఇస్తే, తీర్పు మాకు సమ్మతమే, నీ మీద పగ లేదు అని అర్థం. అప్పటిదాకా గొంతు చించుకుని తిట్టినవాళ్లే, ఆయన దోసిలి పట్టేసరికి "తాగు సారూ, మస్తు ఎండ దెబ్బ తగిలింది నీకు" అనేవారు.

తిట్లకు ఆయన ఎప్పుడూ బాధపడలేదు. ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుంటూ చెప్పి నవ్వేవారు.

"ఇయ్యాల ఒక ముసలామె ఏమన్నదో ఎరుకేనా? నీ కండ్లద్దాలు ఫ్యాక్టరీల మర్సిపోయొచ్చినవా బిడ్డా, అని అడిగింది. నాకు అద్దాలే లేవు గదనే!"

అట్లాంటి మనిషికి ఒక్క ఊళ్లో మాత్రం నీళ్లు పుట్టలేదు. అది నా పుట్టినూరు.

మా ఊరు ఏన్కూరు దగ్గర. నా తమ్ముడు జయప్రకాశ్ అక్కడే మిర్చి, పత్తి వేస్తాడు. వాడి కూతురు మనోజ్ఞ కబడ్డీలో గట్టి పిల్ల. కిందటేడు మిర్చి కోతలు అయ్యాక ఊళ్లో ఆడపిల్లల పోటీలు పెట్టారు. ఫైనల్లో మా ఊరికీ, మణుగూరు అవతలి అడవి ఊరు జట్టుకీ పడింది. ఆ జట్టును వెంటపెట్టుకుని వచ్చిన పెద్దమనిషి పగిడయ్య. వాళ్ల కెప్టెన్ శారద. మా ఆయన ఆ ఊరి అల్లుడు కాబట్టి అంపైరుగా ఉండనని పక్కకు జరిగారు. పగిడయ్యే ఒప్పుకోలేదు.

"అల్లుడైతేంది? సారు నిలబడాల్సిందే. మాకు వేరేటోళ్లు వద్దు" అన్నాడు.

ఆ మాటకి మా ఊరివాళ్లు లోలోపల సంబరపడ్డారు. మా తమ్ముడైతే మీసం మీద చెయ్యి వేశాడు.

ఆ రోజు సున్నం బస్తాలు తెచ్చే ఆటో దారిలో చెడిపోయింది. పొద్దెక్కుతోంది, గీతలు లేవు. అప్పుడు నా మరదలు రాజ్యశ్రీ చాటనిండా బియ్యప్పిండి తెచ్చింది.

"ఆడపిల్లల ఆట గదా, పిండితోనే గీద్దాం. లక్ష్మి వస్తది" అంది.

నాలుగు మూలల మేకులు కొట్టి, తాడు లాగి, ఆడవాళ్లంతా వరసగా కూర్చుని చక్కగా గీశారు. తెల్లగా, నిండుగా ఉన్న గీతలు చూసి అందరూ ఫోటోలు తీసుకున్నారు. మధ్యాహ్నం అన్నాలకని జనం లేచి ఇళ్లకు వెళ్లారు. ఊళ్లో కోళ్లకు కూడా అన్నం వేళే కదా. వచ్చి ఎడమ పక్క గీతను సుబ్బరంగా తినేసి పోయాయి. ఆ గీతలో సగం లేదు. అది ఎవరూ చూడలేదు.

ఆట సమానంగా నడిచింది. ఆఖరి కూతకు మనోజ్ఞ వెళ్లింది. ఇద్దరిని తాకింది. శారద తన కాలు పట్టుకోబోతే ఎడమ పక్కకు జారి, అంచుమీదుగా పరుగెత్తి మధ్య గీత దాటింది. ఊరు ఊరంతా ఎగిరింది. అంతలో విజిల్ మోగింది. మా ఆయన చెయ్యెత్తారు. మనోజ్ఞ కాలు బయట పడింది, అవుట్.

"ఏది గీత? సూపియ్యి! గీత లేని తాన అవుటేంది?"

"అల్లునికి పెట్టుపోతలు తక్కువైనయేమో!"

"గా అడివోళ్లు ఇప్పపువ్వు మూట ఇస్తమన్నరా బావా?"

చివరి మాట మా తమ్ముడిది. నేను ఆడవాళ్ల మధ్య కూర్చుని ఉన్నాను. నా వైపు ఎవరూ చూడలేదు, చూడకపోవడమే తిట్టుకన్నా ఎక్కువ అనిపించింది.

ఆయన తొందరపడలేదు. తాడు అడిగి తెప్పించి, రెండు మూల మేకుల మధ్య లాగి పట్టుకున్నారు. మనోజ్ఞ పాదం గుర్తు మెత్తటి మట్టిలో అట్లాగే ఉంది. తాడుకు బయట.

"కోడి తిన్నది పిండిని. కోర్టును గాదు. మేకులు ఆడనే ఉన్నయి, సూడుండ్రి" అన్నారు.

ఎవరో మేకు పీకి దూరంగా విసిరేశారు. తాడు ఆయన చేతిలో వేలాడింది.

మా ఊరు ఒక్క పాయింటుతో ఓడింది. ఆయన ఎప్పటిలాగే ఓడినవాళ్ల దగ్గరికి నడిచి, వంగి, దోసిలి పట్టారు. చెంబు మా తమ్ముడి చేతిలో ఉంది. వాడు బావ మొహం చూస్తూ ఆ నీళ్లు నేల మీద పోశాడు.

అట్లా ఏ ఊళ్లోనూ జరగలేదు. ఆయన కాసేపు దోసిలి అట్లాగే ఉంచి, తర్వాత చేతులు దులుపుకున్నారు. నేను లేచి సంచి తీసుకుని ఆయన వెనకాల బస్సు దగ్గరికి నడిచాను. "అక్కా, ఉండు" అని ఎవరూ అనలేదు.

బస్సు జూలూరుపాడు దాటాక అన్నారు.

"తప్పు నాది గూడ ఉన్నదే. అన్నాలైనంక గీతలు ఒకపారి సూసుకోవాలె. సూసుకోలే. గీత పోయిందని ముందుగాల జూసి ఉంటే, ఆట ఆపి మళ్ల గీపిచ్చేటోణ్ని. పిల్లకు ఏడ దాటుతున్నదో ఎరుకయ్యేది. గా మాట జయప్రకాశ్‌కు చెప్పాలె. నీళ్లు ఇచ్చి ఉంటే ఆడనే చెప్పేటోణ్ని."

"ఫోన్ చేసి చెప్పండి" అన్నాను.

"ఫోన్ల చెప్పేది కాదది. మనిషి ముంగట నిలబడి చెప్పాలె" అన్నారు.

ఆ సమయం రాలేదు. వానాకాలంలో డ్యూటీ దిగి వస్తూ గుండె పట్టుకుని కూలబడ్డారు. ఖమ్మం దవాఖానాకు తీసుకెళ్లేలోపే అయిపోయింది. మా తమ్ముడు వచ్చాడు. పాడె మోశాడు, కర్మలన్నీ దగ్గరుండి చేయించాడు. నాతో ఒక్క మాట మాట్లాడలేదు. వాడి మొహంలో ఏడుపు ఉందో, కోపం ఉందో నాకు తెలియలేదు. పుట్టిల్లు ఉన్నట్టో లేనట్టో కూడా తెలియకుండా పాల్వంచ ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. డబ్బా గూట్లోనే ఉంది.

ఈ ఏడు మళ్లీ పోటీలు పెట్టారు. మనోజ్ఞ ఫోన్ చేసింది.

"అత్తా, నువ్వు రావాలె. అంపైర్లు ఎవ్వరూ వస్తలేరు. అల్లునికే నీళ్లియ్యని ఊరికి మేం రామంటున్నరు. నాయన ఒకప్పుడు ఆడిండు గదా, నాయన్నే నిలబెడుతున్నరు. మా జట్టు ఉన్నప్పుడు మాత్రం నిలబడనన్నడు, అప్పుడు బయటి జట్ల పెద్దోళ్లెవరన్నా నిలబడాలన్నడు."

ఆగి, మెల్లగా అంది. "అత్తా, నాకు నిజంగ గీత కనబడలే."

"ఎరుకే బిడ్డా" అన్నాను. "మీ మామయ్యకు గూడ ఎరుకే."

ఏం తోచిందో, పొద్దున్నే లేచి అన్నం, పప్పుచారు, చింతకాయ పచ్చడి డబ్బాలో కట్టుకుని బస్సెక్కాను. మా తమ్ముడు మైదానంలో ఒంగుని సున్నం గీత సరిచేస్తున్నాడు. ఒక కుర్చీ పక్కన పొడుగాటి కర్ర పెట్టుకున్నాడు. కోళ్లకట. నన్ను చూసి నిలబడ్డాడు. నేను డబ్బా వాడి చేతిలో పెట్టాను.

"ఇయ్యాల ఇంట్ల తినకు. ఆటయ్యేదాకా గిదే తిను."

వాడు మూత తీసి చూసి, మళ్లీ పెట్టి, తల ఊపాడు.

మా ఊరి జట్టు సెమీస్‌లోనే ఓడిపోయింది. ఫైనల్ శారద జట్టుకీ, మణుగూరు కాలనీ పిల్లలకీ. ఈసారి కూడా చివరి వరకూ సమానమే. చివరి కూతకు శారదే వెళ్లింది. తిరిగి వచ్చేటప్పుడు మడమ పక్క గీత మీద పడింది. సున్నం కాలికి అంటింది కూడా. మా తమ్ముడు విజిల్ ఊది చెయ్యెత్తాడు.

"బావ పోయిండు, బామ్మర్ది దిగిండు!"

"కిందటేటి కక్ష దీర్సుకుంటున్నవా? నీ బిడ్డ ఓడిందని మా పిల్లను ఓడిస్తవా?"

"పోయిన సారు ముంగట నువ్వెంత? ఆయనైతే గిట్ల చేసునా?"

ఆ చివరి మాట పగిడయ్య అన్నాడు. మా తమ్ముడి మొహం పాలిపోయింది. తిట్లకు కాదు, ఆ పోలికకు. వాడు శారద మడమ వైపు చూపించి ఊరుకున్నాడు.

ఆట ముగిసింది, శారద జట్టు ఓడింది. వాడు మైదానం మధ్యలో నిలబడి, ఎటు పోవాలో తెలియనట్టు చూశాడు. తర్వాత నడిచి, శారద జట్టు కూర్చున్న చోటికి వెళ్లి, వంగి దోసిలి పట్టాడు. మా ఊరు మొత్తం చూస్తోంది. పోయినేడు నీళ్లు ఒలికింది ఇక్కడే అని అందరికీ గుర్తుంది. పగిడయ్య ముఖం తిప్పుకున్నాడు. శారద లేచింది. కాలి మీద సున్నం చేత్తో తుడుచుకుంది. చెంబు తీసుకుంది.

"తాగు సారూ. కాలు పడ్డది నాకెర్కే" అంది.

వాడు తాగాడు. చెంబు అయిపోయేదాకా తాగాడు. సగం చొక్కా తడిసింది.

తర్వాత నా దగ్గరికి వచ్చి నేల మీద కూర్చున్నాడు. ఖాళీ డబ్బా చేతిలో ఉంది. కడిగి తెచ్చాడు.

"అక్కా, బావ నన్నేమన్నడే?"

"నీకు చెప్పాలనుకున్నరు. నువ్వు నీళ్లియ్యకపాయె." నేను వాడి మొహంలోకి చూసి చెప్పాను. "అన్నాలైనంక గీత సూసుకోకపోవుడు తనదే తప్పన్నరు. ఆట ఆపాల్సిందన్నరు. మనిషి ముంగట నిలబడి చెప్పాలె అన్నరు. అందుకే నేనొచ్చిన."

వాడు చాలాసేపు డబ్బా మూత తిప్పుతూ ఉన్నాడు.

"మరి అవుట్?" అన్నాడు.

"అవుటే అన్నరు."

వాడికి నవ్వు వచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నేను వాడి వీపు మీద చెయ్యి వేశాను. ఆయన పోయిన నాడు ఇద్దరం విడివిడిగా ఏడ్చాం, ఇప్పుడు ఒక్కచోట కూర్చుని ఏడ్చాం.

పాల్వంచ వెళ్లే చివరి బస్సు వచ్చి హారన్ కొట్టింది. నేను సంచి కోసం చూశాను. అది రాజ్యశ్రీ భుజానికి ఉంది.

"రా వదినా, పొయ్యి మీద ఎసరు పెట్టొచ్చిన" అంటూ ఆమె ఇంటివైపు నడుస్తోంది.