గోడ మీద కొండలమ్మ

హెప్సిబాకి దేవుడు చెయ్యి మంచిదే ఇచ్చాడు, బుద్ధి మాత్రం కాస్త వంకరగా ఇచ్చాడు. ఎవరు ఏ బొమ్మ వేయమన్నా సరే, అందులో ఊళ్లోవాళ్ల పోలిక ఒకటి దూర్చకపోతే ఆవిడకి అన్నం సయించదు. చర్చి గోడ మీద నోవహు ఓడ వేయమన్నారు. బ్రహ్మాండంగా వేసింది, కానీ ఓడ ఎక్కుతున్న గాడిదకి సంఘపెద్ద సంజీవరావు గారి మొహం పెట్టింది. పాపం, ఆయన ఆదివారం వచ్చిందంటే సరిగ్గా ఆ గాడిద కిందే కూర్చుని కళ్లు మూసుకుంటాడు. ఊరంతా ముసిముసిగా నవ్వుకునేదే గానీ ఆయనకి చెప్పే పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. అందరికంటే ముందు నవ్వింది ఆయన భార్యే.

బెజవాడలో బోర్డులు రాసే నాన్న దగ్గర నేర్చిన విద్య అది. ఫ్లెక్సీలొచ్చి ఆ విద్య నోట్లో మట్టి కొట్టాయి. నాగాయలంక దాటి సముద్రం వైపున్న ఈ ఊరికి కోడలిగా వచ్చాక, పడవల మీద పేర్లూ, సమాధుల మీద సిలువలూ, బడి గోడల మీద ఏనుగులూ వేసుకుంటూ నెట్టుకొస్తోంది.

అలా ఉండగా బెజవాడ నుంచి జంతుప్రేమికులు కొందరు కారేసుకుని వచ్చారు. "ఐస్ ఫ్యాక్టరీ గోడ మీద బావురుపిల్లిని వేయాలండీ. చేపలు పట్టుకుని బతికే అడవిపిల్లి. రోజురోజుకీ తగ్గిపోతున్నాయి. బొమ్మ చూస్తే జనానికి దాని మీద జాలి కలగాలి" అన్నారు.

చూడకుండా వేయడం హెప్సిబాకి చేతకాదు. పోలరాజు చేపల చెరువు పక్కన జమ్ముగడ్డిలో ఒక తల్లిపిల్లి, రెండు కూనలూ ఉన్నాయని విని, పొద్దున్నే వెళ్లి గట్టు చాటున కూర్చుంది. ఒళ్లంతా చుక్కలేసుకుని తల్లి నీళ్ల అంచుకి వచ్చింది. ముందుకాలితో నీళ్ల మీద తట్టి, చేప పైకి రాగానే తలతో సహా నీళ్లలో మునిగి నోట కరుచుకుని లేచింది. అంతే, హెప్సిబా మనసు అక్కడే పారేసుకుంది. ఇంత అందమైన దొంగని ఆవిడ జన్మలో చూడలేదు.

గోడ నిండా వేసింది. అసలు తంటా అక్కడే వచ్చింది. జాలి మాట దేవుడెరుగు, జనం హడలిపోయారు. "అమ్మో, ఇంతుంటదా! పులిపిల్లే కదే ఇది!" అన్నారు. పోలరాజు అయితే బొమ్మ చూసి తిన్నగా బజారుకెళ్లి తీగలు కొనుక్కొచ్చి జమ్ము చుట్టూ ఉచ్చులు బిగించాడు. పిల్లికి చెలగాటం అని సామెతే గానీ, ఇక్కడ ప్రాణసంకటం పిల్లికే వచ్చిపడింది. తెచ్చిపెట్టింది ఎవరయ్యా అంటే, సాక్షాత్తూ హెప్సిబా గారే.

సంగతి తెలియగానే ఆవిడ పరుగున పోలరాజు ఇంటికెళ్లింది. "బాబాయ్, మీకు దణ్ణం పెడతాను, ఆ ఉచ్చులు తీసేయండి. పిల్లల తల్లి అది."

"భలేదానివే హెప్సమ్మా! చేపలేమైపోతన్నాయా అని ఇన్నాళ్లూ బుర్ర బద్దలు కొట్టుకున్నాను. దొంగెవరో నీ బొమ్మ చూశాకే కదా తెలిసింది. నీకు సన్మానం చెయ్యాలసలు."

ఆవిడ నోరు తెరిచే లోపు, పోలరాజు మూడేళ్ల మనవరాలు వచ్చి, తాతగారి కొత్త సెల్‌ఫోను తీసుకెళ్లి నీళ్ల తొట్టిలో బుడుంగున పడేసింది. ఊళ్లో కూలీలని కేకలతోనే వణికించే పోలరాజు, పిల్లిలా లేచి, "అమ్మా... ఎందుకమ్మా అలా చేశావు తల్లీ?" అని బతిమాలుకున్నాడు. "మా అమ్మ పేరు పెట్టుకున్నాం. కొండలమ్మని ఒక్క మాటన్నా నోరు పడిపోదూ?" అన్నాడు హెప్సిబాతో.

కొండలమ్మ! పోయి నాలుగేళ్లయిందేమో గానీ ఆవిడ గొంతు ఇంకా ఊరి చెవుల్లోనే ఉంది. చేపతల కనిపిస్తే పంచభక్ష్యాలూ పక్కకి నెట్టే మనిషి. చెరువు గట్టున గొంతుక్కూర్చుని, ఎడమ కనుబొమ్మ ఎగరేసి ఒక్క చూపు చూసిందంటే వలలు లాగేవాళ్లకి కాళ్లు తడబడేవి. హెప్సిబా పెదాలు వాటంతటవే సాగాయి. సన్మానం సంగతి తర్వాత చూద్దామని చెప్పి ఇంటికొచ్చి రంగు డబ్బాలు తీసింది.

మర్నాటి సాయంత్రానికి గోడ మీది పిల్లికి కనుబొమ్మ లేచింది, నుదుట కాసంత బొట్టు వచ్చింది, ముక్కుకి పుడక వచ్చింది. కింద 'కొండలమ్మ' అని గుండ్రటి అక్షరాల్లో పేరు కూడా పడింది. ఊరు ఊరంతా అక్కడే. కొండలమ్మ చెల్లెలు వెంకటరత్నమ్మ నవ్వి నవ్వి, కొంగుతో కళ్లు తుడుచుకుని, "మా అక్కేనే! అచ్చం చేప ముందు కూర్చున్నట్టే ఉంది ముండ!" అంది.

సున్నం బక్కెట్టు పట్టుకుని పోలరాజు ఊగిపోతూ వచ్చాడు. "మా అమ్మని పిల్లిని చేస్తావా? నీకెంత ధైర్యం?"

"తప్పే బాబాయ్. చెరిపేయండి" అని హెప్సిబా కుంచె ఆయన చేతికే ఇచ్చింది. "మీ అమ్మగారి మొహం మీద సున్నం నేను పులమలేనండీ. మీరే కానివ్వండి."

పోలరాజు కుంచె ముంచాడు, ఎత్తాడు. గోడ మీంచి కొండలమ్మ చూస్తోంది. కుంచెలోంచి సున్నం కారి ఆయన పంచె మీద పడింది గానీ చెయ్యి మాత్రం కదల్లేదు.

"ముక్కుపుడక ఎడమవైపు పెట్టావే" అన్నాడు చివరికి, గొంతు దిగిపోయి. "మా అమ్మది కుడివైపు."

"అయ్యో, మర్చిపోయానండీ!" అంది హెప్సిబా, ఏమీ ఎరగనట్టు. బక్కెట్టు అక్కడే వదిలేసి ఆయన ఇంటికి వెళ్లిపోయాడు. అయితే మగాడి పంతం ఉంటుంది కదా, ఉచ్చులు మాత్రం తీయలేదు.

తెల్లారేసరికి కబురొచ్చింది, తల్లిపిల్లి ఉచ్చులో పడిందని. హెప్సిబా చెప్పులైనా వేసుకోకుండా చెరువు వైపు పరుగెత్తింది.

అక్కడ కూలీ నాగబాబు కర్ర ఎత్తి ఉన్నాడు. కాలికి తీగ బిగుసుకుని పిల్లి బుసలు కొడుతోంది. అవతల జమ్ములోంచి కూనల అరుపులు.

"ఒరేయ్, దించరా కర్ర!" అని పోలరాజు గట్టు మీంచి దూకాడు. తువ్వాలు దాని మీద కప్పి, మోకాళ్ల లోతు బురదలో కూర్చుని, పట్టకారుతో తీగ కోయడం మొదలెట్టాడు. అది తువ్వాల్లోంచే ఆయన ముంజేతిని బరబరా గీరేసింది. రక్తం కారుతున్నా ఆయన వదల్లేదు.

"ఆగమ్మా... ఆగు తల్లీ. నేనేనమ్మా, నీ పోలిగాణ్ణి."

నాగబాబు కిసుక్కున నవ్వబోయి హెప్సిబా మొహం చూసి ఊరుకున్నాడు. ఇన్నేళ్లుగా ఊరందరి మీదా నవ్విన ఆవిడకి ఆ క్షణాన నవ్వు రాలేదు.

తీగ తెగింది. పిల్లి కుంటుకుంటూ జమ్ములోకి పోయింది. పోలరాజు అది వెళ్లిన వైపే చూస్తూ బురదలోనే ఉండిపోయాడు.

"ఆసుపత్రిలో మా అమ్మ చేపల పులుసు అడిగింది, హెప్సమ్మా" అన్నాడు. "డాక్టర్లు వద్దన్నారని పెట్టలేదు. మూడు రోజులు అడిగింది. తర్వాత అడగడం మానేసింది."

ఆయన లేచి, వల విసిరి, వచ్చిన వాటిలో పెద్ద చేపని ఏరి జమ్ము అంచున పెట్టాడు. హెప్సిబా చీర పైకి దోపుకుని, మిగతా ఉచ్చులు పీకడానికి జమ్ములోకి దిగింది.