జిరాక్స్ సెంటర్ సుజాత మీద పిటిషన్

తెలంగాణ రాష్ట్రం ఏర్పడి మూడేళ్లు నిండిన జూన్ నెలలో నన్ను కల్వకుర్తి నుంచి కొల్లాపూర్ వైపు వెళ్లే దారిలో ఒక మండల కేంద్రానికి బదిలీ చేశారు. నా హోదా హెడ్ కానిస్టేబుల్, పని స్టేషన్ రైటర్. పిటిషన్లు తీసుకోవడం, ఎఫ్‌ఐఆర్ తయారు చేయడం, జనరల్ డైరీ రాయడం రైటర్ బాధ్యతలు. స్టేషన్‌లో ఎవరు వచ్చినా, ఏ వస్తువు తీసుకున్నా వేళతో సహా డైరీలో ఎక్కించాలి. సంతకం ఎస్సైది, రాత మాది.

నేను చేరిన రెండో వారంలో ఒక సోమవారం పొద్దున ఊళ్లోని ప్రైవేట్ నర్సింగ్ హోమ్ డాక్టరు తన వకీలుతో వచ్చి పిటిషన్ ఇచ్చాడు. తహసీల్ ఆఫీసు ఎదురుగా జిరాక్స్ సెంటర్ నడిపే సుజాత అనే ఆమె ఇంటర్నెట్‌లో తన పరువు తీసిందని ఫిర్యాదు. సుజాతకు నలభై ఏళ్లుంటాయి. షాపులోని కంప్యూటర్ మీదే ఒక బ్లాగు నడిపేది. నల్లా నీళ్లు, రేషన్, బస్సుల గురించి రాసేది. ఆ వారం మాత్రం, ఒక్క తండాలోనే నలుగురు ఆడవాళ్లకు గర్భసంచి ఆపరేషన్లు అయ్యాయని, అవసరమై చేశారో లేదో ఎవరైనా విచారించాలని రాసింది. అందులో ఆసుపత్రి పేరు లేదు, డాక్టరు పేరు లేదు.

డాక్టరు పేరు కింద కామెంట్‌లో వచ్చింది. 'తండా ఆడబిడ్డ' అని మాత్రమే పెట్టుకుని ఒకామె, ఫలానా డాక్టరు క్యాన్సర్ వస్తుందని భయపెట్టి తనకు ఆపరేషన్ చేశాడని రాసింది. మరొకడెవరో డాక్టరును కొట్టాలని బూతులతో రాశాడు. సుజాత బూతుల కామెంట్ చూడగానే తీసేసింది. మొదటిది ఉంచింది. అదే ఇప్పుడు పేచీ. ఎవరు రాసినా తన జాగాలో ఉంచింది కాబట్టి నేరం ఆమెదేనని వకీలు వాదన. రాసిన మనిషి పేరు కూడా కావాలని డాక్టరు పట్టుబట్టాడు.

మా ఎస్సై ఉద్యోగంలో కొత్త. చెడ్డవాడు కాదు. ఆ పొద్దున పై అధికారి ఒకరి నుంచి అతనికి రెండుసార్లు ఫోన్ వచ్చింది. పదకొండు గంటలకు సుజాతను పిలిపించి బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఆమె ఫోన్ తీసుకొమ్మని నాతో నోటిమాటగా చెప్పాడు. తీసుకుని నా టేబుల్ మీద పెట్టాను. డైరీలో ఎక్కించలేదు.

కామెంట్ పెట్టింది ఎవరని ఎస్సై ఆమెను మొదట మర్యాదగానే అడిగాడు, తర్వాత గొంతు పెంచాడు. పేరు చెప్పి కామెంట్ తీసేస్తే ఇంటికి పంపుతానన్నాడు.  ఆమె కొంగు చివర పిడికిట్లో పట్టుకుని లేచి నిలబడింది.

"పేరు చెప్తే ఆమె ఇంటి మీదికి పోతరు సార్. నేను రాసినదానికి నన్నడుగుండ్రి. ఆమె రాసింది ఆమె కడుపు గురించి."

ఎస్సై ఐటీ చట్టం అరవై ఆరు ఏ సెక్షన్ కింద కేసు రాయమని నాకు చెప్పి భోజనానికి వెళ్లాడు.

ఇంటర్నెట్ రాతలకు జైలు శిక్ష వేసే ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు అప్పటికి రెండేళ్ల కిందటే కొట్టేసింది. ఆ సంగతి నాకు తెలుసు. అయినా కంప్యూటర్ ముందు కూర్చుని నిందితురాలి పేరు, తండ్రి పేరు కొట్టాను. సెక్షన్ గడి దగ్గరికి వచ్చి ఆగిపోయాను. అప్పుడే టేబుల్ మీదున్న సుజాత ఫోన్ మోగింది. తెర మీద 'లక్ష్మి తండా' అని పేరు. ఆగి, మళ్లీ మోగింది. మూడోసారి కూడా. బెంచీ మీద నుంచి సుజాత నన్నే చూస్తోంది. కామెంట్ పెట్టింది ఎవరో ఇక అడగాల్సిన పని లేదని ఇద్దరికీ అర్థమైంది. నేను ఫోన్‌ను బోర్లా తిప్పి పెట్టాను.

ఎస్సై తిరిగొచ్చి ఫోన్‌లో ఏమైనా తేలిందా అని అడిగాడు. లాక్ ఉందని చెప్పాను. అది నిజమే కాని, పూర్తి నిజం కాదు.

నాలుగు దాటింది. పొద్దుగూకిన తర్వాత మామూలుగా ఆడవాళ్లను అరెస్టు చేయకూడదు. అందుకే పై నుంచి మళ్లీ ఫోన్ వచ్చింది, వెలుతురుండగానే కానివ్వమని. ఎఫ్‌ఐఆర్ ఏదని ఎస్సై అడిగాడు. ఆ సెక్షన్ ఇప్పుడు చట్టంలో లేనట్టేనని చెప్పాను. పరువునష్టం కింద పెడదామంటే, అప్పటి ఐపీసీ ఐదువందల సెక్షన్ పోలీసులు సొంతంగా విచారించి అరెస్టు చేసే నేరం కాదు. డాక్టరే కోర్టుకు వెళ్లి మేజిస్ట్రేట్ ముందు ఫిర్యాదు ఇచ్చుకోవాలి.

"నాకే చట్టం చెప్తున్నవా?" అన్నాడు.

"లేదు సార్. రాసేది నేను, సంతకం మీది. రేపు మేజిస్ట్రేట్ అడిగితే ఇద్దరం నిలబడాలె."

  నాకు రిటైర్మెంటుకు మూడేళ్లున్నాయి, సస్పెన్షన్ అంటే ఏమిటో తెలుసు. డైరీ తెరిచి, సుజాత పదకొండుకు వచ్చినట్టు, ఆమె ఫోన్ తీసుకున్నట్టు ఎస్సై ముందే రాశాను. అతను నన్ను ఆపలేదు. లోపలికి వెళ్లి తలుపు వేసుకుని ఎవరితోనో మాట్లాడాడు. బయటికొచ్చి, ఆమెను పంపించమన్నాడు. పిటిషన్‌ను పోలీసులు విచారించలేని నేరాల రిజిస్టర్‌లో ఎక్కించి, డాక్టరును కోర్టుకు వెళ్లమని రాసిచ్చాము. ఫోన్ ఇస్తుంటే సుజాత రసీదు అడిగింది. రాసిచ్చాను.

డాక్టరు నిజంగానే కోర్టుకు వెళ్లాడు. సుజాత దాదాపు రెండేళ్లు వాయిదాలకు తిరిగింది. డాక్టరు వరుసగా గైర్హాజరు కావడంతో కేసు కొట్టేశారు. ఈలోగా ఆమె బ్లాగులో కామెంట్లు మూసేసింది. లక్ష్మి ఎవరో నేను విచారించలేదు. నెల తిరగకుండానే నన్ను కొల్లాపూర్ వైపు మరో స్టేషన్‌కు పంపారు. ఉత్తర్వులో పరిపాలనా కారణాలని ఉంది.

తర్వాత నా దగ్గర రైటర్ పని నేర్చుకున్నవాళ్లకు రెండు సంగతులు చెప్పేవాణ్ణి. పిటిషన్ చదివాక మొదట సెక్షన్ ఇంకా అమల్లో ఉందో లేదో చూడాలి. నోటిమాటగా వచ్చిన ఆదేశాన్ని అప్పటికప్పుడే డైరీలో రాయాలి. నేను పదకొండింటికి రాయాల్సింది నాలుగు దాటాక రాశాను. ఆ ఐదు గంటలు ఆమెను అక్కడ ఉంచడానికి ఏ సెక్షన్ లేదు.