ఏడో తూమా, ఎనిమిదో తూమా

కంప్యూటరు తెర మీద మా అన్న పేరు కనిపించిన సాయంత్రం నేను కుర్చీలోంచి లేచి వంటింట్లోకి వెళ్లాను. ఎందుకు వెళ్లానో తెలియక మళ్లీ వచ్చి కూర్చున్నాను. పేరు అక్కడే ఉంది.

నేను నెల్లూరులో ఒక డిగ్రీ కాలేజీలో గణితం చెబుతాను. మా పుట్టింటి వాళ్లది జువ్వలదిన్నెకు ఇవతల, ఉప్పుకాలువ పక్కన ఓ చిన్న ఊరు. మా అన్న అక్కడ రొయ్యల గుంట చేస్తాడు. కాలువ వెంబడి వరసగా గుంటలే, ఒక్కో గుంటకు ఒక్కో తూము. నీళ్లు తీసుకునేదీ వదిలేదీ ఆ తూములోంచే. అందుకని వాళ్లకొక కట్టుబాటు ఉంది. నీళ్ల వెంట పాకే తెల్లమచ్చ రోగం రొయ్యల్లో కనబడితే ఆ రైతు గట్టు మీద ఎర్రగుడ్డ కట్టాలి. బ్లీచింగు వేసి రోగం చచ్చేదాకా చుక్క నీరు కాలువలోకి వదలకూడదు. ఎర్రగుడ్డ చూసి మిగతావాళ్లు తూములు బిగించుకుంటారు. ఈసారి ఎవరో గుడ్డ కట్టకుండానే నీళ్లు వదిలేశారు. ఒకదాని వెంట ఒకటిగా గుంటలు తుడిచిపెట్టుకుపోయాయి. మా అన్నదీ పోయింది.

రోగం ఎవరి తూములోంచి బయటికొచ్చిందో తేల్చి, ఆ తూమును సిమెంటుతో మూసేయాలని రైతుల సంఘం తీర్మానించింది. తూము మూస్తే ఇక గుంట లేనట్టే. ఆ తేల్చే పని నా నెత్తిన పడింది. "లెక్కల మేడమ్ కదా మీరు. మీ అన్న గుంట గూడా పాయె. మీరు చెప్తే ఎవురూ ఎదురు మాట్లాడరు" అని సంఘం ప్రెసిడెంటు గారు ఫోన్ చేశారు. పొగిడితే పడిపోయే రకాన్ని, ఒప్పేసుకున్నాను.

ఒప్పుకున్నాక తెలిసింది, అది స్టాటిస్టిక్స్ పని అని. నాకు ఆ సబ్జెక్టంటే మొదటి నుంచీ చిన్నచూపు. 'సుమారుగా' అన్న మాట వింటేనే ఒళ్లు మండుతుంది. మా కాలేజీ స్టాటిస్టిక్స్ లెక్చరర్ నవ్వి, "మీ గణిత సాఫ్ట్‌వేర్ వదిలి మా గడప తొక్కనక్కర్లేదు మేడమ్. అందులోంచే మా ఆర్ అనే కంప్యూటరు భాషను పిలవచ్చు. మీరు పట్టిక పంపండి, ఆర్ లెక్క చేసి జవాబు తిరిగి మీకే పంపుతుంది" అన్నారు. పక్కింటి పొయ్యి మీద వండించుకుని మన ఇంట్లో తినడమన్నమాట. ఈ ఏర్పాటు నాకు తెగ నచ్చింది.

గుంట పోయిన ప్రతి రైతూ తన గుంటలో చచ్చిన మొదటి రొయ్యను ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకున్నాడు. ఆ ఫొటోల వేళలూ, సముద్రపు పోటుపాట్ల వేళలూ కలిపి పంపాను. ఒక్కో తూమునూ తీసుకుని, రోగం ఇక్కడే మొదలైతే మిగతా గుంటలు పోయిన తీరు దానికి సరిపోతుందా అని ఆర్ చూసింది. అన్నిటికన్నా బాగా సరిపోయిన తూము నంబరు వెనక్కి పంపింది. ఆ నంబరును నా సాఫ్ట్‌వేర్‌లోని రైతుల జాబితాలో పెట్టి పేరు అడిగితే మా అన్న పేరు వచ్చింది.

అన్నకు ఫోన్ చేశాను. "నీ తూమే అంటాంది" అని మాత్రం అన్నాను. అన్న మెల్లగా, "మళ్లా ఒకసారి చూడుమే" అన్నాడు. మనసు కష్టపెట్టుకున్నాడనుకున్నాను. నాకు ఏడుపొచ్చింది. ఆ పక్కింటి పొయ్యిని నానా తిట్లూ తిడుతూ మొదటి నుంచీ మొదలుపెట్టాను.

తప్పు చివరి తూము దగ్గర దొరికింది. దాని నంబరు ఇచ్చి పేరు అడిగితే, అలాంటి తూమే లేదు పొమ్మంది నా సాఫ్ట్‌వేర్. ఉన్న తూము లేకుండా ఎట్లా పోతుంది? అప్పుడు వెలిగింది. ఆర్ ఒకటి నుంచి లెక్కపెడుతుంది. నా సాఫ్ట్‌వేర్ సున్నా నుంచి. ఆర్ 'ఏడు' అని పంపితే, నాది సున్నా, ఒకటి, రెండు అనుకుంటూ ఏడు దాకా పోయి ఎనిమిదో పేరును తీసి చూపించింది. ఎనిమిదోది మా అన్నది. ఆర్ చెప్పింది ఏడో తూము.

ఏడో తూము మా అన్న పక్క గుంట ఆమెది. మొగుడు సముద్రం మీదికి వేటకు పోతాడు, గుంట పని ఆమే చూసుకుంటుంది. నన్ను అక్కా అంటుంది. అప్పటికే ఆమె రొయ్యలు పట్టేసి గుంట ఎండబెట్టి ఉంది కాబట్టి ఆమెకు ఏ నష్టమూ లేదు. ఆ సంగతి మీద అందరూ గుసగుసలాడుతూనే ఉన్నారు. ఆమె కోసం బాధపడాల్సిందే. కానీ మా అన్న కాదన్న సంతోషంలో నాకు బాధ గుర్తు రాలేదు.

ఆదివారం పొద్దున్నే మీటింగుకు ముందే అన్న గుంట దగ్గరికి పోయాను. గట్టు మీద పుల్లతో గీతలు గీసి మరీ చూపించాను. దాని ఏడు వేరు, దీని ఏడు వేరు అని. స్కూల్లో లెక్కలంటే పారిపోయిన మనిషి, నా పక్కన గొంతుక్కూర్చుని మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకున్నాడు. ముఖం తేటపడింది. టీ తెమ్మని వదినను కేకేశాడు.

"కానీ అన్నా, ఆమె గుంటలో నీళ్లే లేవు గదా. లేని నీళ్లు ఎట్లా వదిలింది?" అన్నాను. లెక్క చేసిన మనిషిని, అడగకుండా ఉండలేను.

"నా నీళ్లే అవి" అన్నాడు మా అన్న, టీలో చక్కెర తక్కువైందన్నంత మామూలుగా. "నా తూము కాడ అందరి కళ్లూ ఉండె. మా రెండు గుంటలకీ మధ్యన పైపుండాది గదా, దాంట్లోకి వొదిలినా. ఆయమ్మ గుంటలో పడి ఆయమ్మ తూములోంచి పోయినాయి. నీకు పంపిన ఫొటో తర్వాతెప్పుడో తీసిందిలే. నీ మిషను కరెక్టుగానే చెప్పింది. అట్నే చదివెయ్."

నా చేతిలో గ్లాసు ఉందన్న సంగతి మర్చిపోయాను. టీ చీర మీద పడింది. ఇతను నా అన్నేనా అని ముఖంలోకి చూశాను. ముఖం అదే. అరిచాను, తిట్టాను. "మీటింగులో నువ్వే చెప్పాల" అన్నాను. తల ఊపాడు. నమ్మాను.

మీటింగు రొయ్యల మేత కొట్టు ముందర పెట్టారు. నేను లేచి, "లెక్క ప్రకారం రోగం ఏడో తూములోంచి బయటికొచ్చింది" అని ఆగి, మా అన్న వైపు చూశాను. అతను చెప్పులు చూసుకుంటున్నాడు. అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె ముఖం పాలిపోయింది. అయినా నా మీద కోపం లేదు. "నువ్వు చెప్పినావంటే నిజమే అయ్యుంటాదక్కా" అంది. "నాకు తెలీకండా ఎట్ట జరిగిందో మరి. మూసెయ్యండి."

"తూము ఆమెది. నీళ్లు మా అన్నవి. మధ్య పైపులోంచి వదిలాడు" అని గట్టిగా చెప్పేశాను.

"అన్నా, నిజమా?" అంది ఆమె.

మా అన్న లేచి నిలబడి, ఆమె వైపు కాక సంఘం వైపు తిరిగాడు. "ఆ పైపు ఎప్పట్నుంచో ఉండాది. మా చెల్లెలు మొన్న ఎనిమిదో తూము అనింది, ఇయాళ ఏడంటాంది. ఎందుకో అడగండి" అన్నాడు. అడిగే వ్యవధి కూడా ఇవ్వలేదు, తనే చెప్పాడు. ఒక మిషను ఒకటి నుంచి లెక్కపెడుతుందనీ, ఇంకోటి సున్నా నుంచనీ, ఒకదాని ఏడు ఇంకోదానికి ఎనిమిదనీ, వేళ్లు మడిచి చూపిస్తూ అందరికీ అర్థమయ్యేట్టు వివరించాడు. పొద్దున నేను వాడిన మాటలే, ఒక్కటీ పొల్లుపోలేదు. "రేపు ఆరంటాదేమో ఎవురికి తెలుసు?" అన్నాడు. జనం నవ్వారు. నేను మళ్లీ చెప్పబోయాను, ఆ నవ్వుల్లో ఎవరూ వినలేదు.

ప్రెసిడెంటు గారు గొంతు సవరించుకున్నారు. ఇట్లాంటి లెక్కను నమ్ముకుని ఎవరి తూమూ మూయలేమని తేల్చారు. అందరూ లేచారు.

స్కూటరు తీస్తుంటే మా అన్న వచ్చి హ్యాండిలు పట్టుకున్నాడు. కోపం లేదు, సిగ్గు లేదు, చిన్నప్పుడు నన్ను బడికి దించేటప్పటి ముఖమే.

"రెండు తూములూ మిగిల్నాయి గదమే" అన్నాడు. "పోయింది నీ మాటొక్కటే గదా."