నేను లాగిన ఇరవై నిమిషాలు

పోయిన ఆదివారం పట్నంల నాకు చప్పట్లు కొట్టిండ్రు, తెలుసా! ఒకరిద్దరు కాదు, హాలు హాలంతా కొట్టిండ్రు. ఆ చప్పట్లు విన్నప్పటి సంది నేను మా ఊర్ల మల్లన్న ఇంటి ముందట నుంచి పోతలేను. పాలకు పోవాలన్నా ఊరెనుక ముండ్ల కంపల పొంటి తిరిగి పోతున్న. "ఏందయ్యా, సక్కటి తొవ్వ ఉండంగ గా కంపలల్ల నీకేం పని?" అని మా ఇంటామె అడిగింది. ఆమెకు ఏం చెప్త? మీకైతే చెప్త. అయిపోయేదాకా నవ్వకుండ్రి.

ముందుగాల నా రోగం సంగతి చెప్పాలె. జిన్నారం దిక్కు పల్లెటూరి సర్కారు బడిల ఇరవై రెండేండ్ల సంది పాఠాలు చెప్తున్న. పాఠాల కన్న కథలే ఎక్కువ చెప్త. భిన్నాలు రాకుంటె ఒక కథ, పక్కోని పెన్సిలు దొంగతనం చేస్తె ఒక కథ. పిల్లగాండ్లకు 'కథల సారు'ను. ఇది కనిపెట్టి మా హెడ్మాస్టర్లు నన్ను ఇంకో పనికి వాడుకున్నరు. పంద్రాగస్టు కానీ, వార్షికోత్సవం కానీ, ముఖ్య అతిథి ఎన్నడన్న టైముకు వచ్చిండా? పదింటికి అంటే పన్నెండు. అప్పటిదాకా ఎండల కూసున్న జనం లేచి పోకుండ ఎవరు ఆపాలె? హెడ్మాస్టరు మైకు నా చేతుల పెట్టి చెవుల మెల్లగ అంటడు: "సార్, జెర లాగుండ్రి." ఇగ నేను లాగుత. అతిథి జీపు దుమ్ము కనబడేదాకా లాగుత. ఒక ఏడు అసలుకే రాని అతిథి కోసం మధ్యాహ్న భోజనం గంట కొట్టేదాకా లాగిన. జనం ఒక్కరు కదలలే. అది నా గొప్ప అనుకునేటోన్ని.

ఇగ మల్లన్న. చిరుతల ఆట మీకు ఎరుకే గదా. కాళ్లకు గజ్జెలు, రెండు చేతుల చెక్క చిరుతలు, గుండ్రంగ తిరుగుకుంట పాడుకుంట ఆడేది. మా ఊర్ల ఆ ఆటకు మల్లన్నే గురువు, ఎంబడి నలుగురు. అయిదుగురూ ఎవుసం చేసుకునేటోళ్లే. చుట్టుముట్టు మందుల కంపెనీలు, కెమికల్ కంపెనీలు వచ్చినంక తలొక కంపెనీల చేరిండ్రు. ఒకాయనది ఏ షిఫ్టు, ఒకాయనది బీ, ఇంకొకాయనది సీ. ఒకాయన పండుకునే యాళ్లకు ఇంకొకాయన సద్ది కట్టుకుంటడు. వారం సెలవు కూడ తలొక దినం. అయిదుగురు ఒక్క కాడ కలవాలంటే ఊర్ల ఎవరన్న సచ్చిపోవాలె. ఇగ ఆట ఎక్కడిది? గజ్జెలు అటకెక్కినయి.

మల్లన్న బిడ్డ శిరీష నా దగ్గర చదివిన పిల్లనే. ఇప్పుడు పట్నంల హాస్టల్ల ఉండి నర్సింగు చదువుతున్నది. ఆట బందైనప్పుడు అంగన్‌వాడీకి పోయే పోరి, దానికేం యాది లేదు. నాయిన అంటే కంపెనీ నీలం డ్రెస్సే. ఒక దినం మల్లన్న బడి గేటు కాడ ఆగి అన్నడు, "సార్, నా బిడ్డకు నేను డ్రమ్ములు దొర్లించేటోన్నే అని ఎరుక. ఒక్కపారి నేను ఆడంగ చూస్తె మంచిగుండు."

ఆ మాట నా మనసుల గట్టిగ పడ్డది. ఎండకాలం సెలవులల్ల పట్నంల కళల పండుగలు పెడతరు గదా, ఒక దిక్కు బొమ్మలు, ఒక దిక్కు డ్యాన్సులు, బయట పిల్లలకు కుండలు చేసుడు నేర్పుడు, అసొంటిది ఒకటి ఫోన్ల కనబడితె మా ఊరి ఆట గురించి రాసి పంపిన. వారానికి ఒక మేడం ఫోన్ చేసింది.

"సర్, ఫోక్‌కి ఒక స్లాట్ ఉంది, ట్వెంటీ మినిట్స్. ముందు మీరే ఇంట్రో ఇచ్చేయండి. జస్ట్ రెండు మాటలు."

"అట్లనే అమ్మా" అన్న.

రెండు మాటలు అంటే మన దిక్కు ఎంత పొడుగో మీకు చెప్పాల్నా? "రెండు మాటలు చెప్పి ముగిస్త" అని మైకు పట్టుకున్న నాయకుడు ఎవరన్న పొద్దు గూకక ముందు ముగించిండా?

ఆ ఒక్క ఆదివారం అయిదుగురికి కుదిరియ్యనీకి రెండు నెలలు పట్టింది. నేనే కంపెనీ గేట్ల పొంటి తిరిగి సూపర్‌వైజర్లను బతిమిలాడిన. మల్లన్న తన షిఫ్టు మార్చుకోనీకి ఒక ఒడిశా పిల్లగాని డ్యూటీ గూడ రెండుసార్లు తన డ్యూటీ మీద చేసిండు. ఆ నలుగురిల సత్తన్న అయితే బతికున్న మేనమామకు దినాలు పెట్టి సెలవు తీసుకున్నడు. రోజు డ్యూటీ దిగినంక ఎవరింట్ల వాళ్లు తలుపులేసుకొని పాటలు యాది చేసుకున్నరు.

ఆదివారం వ్యాన్ కట్టుకొని పోయినం. ముఖాలకు రంగులు, తలకు పాగలు, నడుముకు జరీ పట్టీలు. మల్లన్నను చూస్తె నేనే గుర్తు పట్టలే! శిరీష ముగ్గురు దోస్తులను తోలుకొని వచ్చి మూడో వరుసల కూసున్నది. వార్డెన్ ఆరున్నర దాకే పర్మిషన్ ఇచ్చిందట. మా వంతు అయిదున్నరకు. సరిపోతది.

స్టేజీ ఎక్కినం. అయిదుగురు నా ఎనుక అర్ధచందురం లెక్క నిలబడ్డరు. నేను మైకు ముందట నిలబడి హాలు దిక్కు చూసిన. ముందు వరుసల తెల్ల గుడ్డలు కప్పిన సోఫాలు, వాటి మీద 'రిజర్వ్‌డ్' అని కాయితాలు. ఒక్క మనిషి లేడు! స్టేజీ కింద, నా కాళ్ల ముందట, ఒక నల్ల డబ్బా. అండ్ల ఎర్రటి అంకెలు: 20:00. నేను మైకు ముట్టంగనే 19:59 అయింది, 19:58 అయింది.

నాకు టక్కున సమజైంది. అతిథులు ఇంక రాలే! వాళ్లు ఎంతసేపట్ల వస్తరో మాట్లాడేటోనికి ఎరుక కావాలని మిషన్ పెట్టిండ్రు! ఆహా, పట్నం అంటే పట్నమే అనుకున్న. అతిథులు వచ్చినంక గదా ఆట మొదలయ్యేది? ఖాళీ సోఫాల ముందట మా మల్లన్నను ఎందుకు ఆడిస్త?

ఇగ లాగిన. కళ అంటే ఏందో చెప్పిన. మా ఊరు ఎట్లుండెనో చెప్పిన. కంపెనీలు, షిఫ్టులు, సత్తన్న మేనమామ, అన్ని చెప్పిన. జనం కడుపుబ్బ నవ్విండ్రు. నాకు ఊపొచ్చింది. అంకెలు చూస్తె ఇంక 12:40 ఉన్నది. ఒక కథ పడతది అనుకున్న.

ఏం కథ చెప్పిన్నో వినుండ్రి. ఒక పెండ్లిల ఒక వంటాయన. బంతుల జనం ఆకలితోటి కూసుంటె, ఈయన గరిటె పట్టుకొని వచ్చి, పప్పు ఎట్ల వండిండో, చారుల ఏమేం ఏసిండో ఒక్కొక్కటి చెప్పుకుంట నిలబడ్డడు. చెప్పీ చెప్పీ చివరికి గిన్నెల మూతలు తీసే యాళ్లకు అన్నం రాయి అయింది, పెండ్లోళ్లు లేచి పోయిండ్రు. "కాబట్టి మిత్రులారా, ఎంత మంచి వంటైనా వడ్డిస్తేనే వంట!" అని నీతి గూడ చెప్పిన. చప్పట్లు!

పక్కన తెర కాడ చెవులకు మైకు పెట్టుకొని, ఫోన్ చేసిన ఆ మేడం రెండు చేతులు ఊపుతున్నది. పాపం, అతిథులు రాలేదని పరేషాన్ అయితున్నది అనుకున్న. "నీకేం ఫికర్ వద్దమ్మా, నేనున్న" అన్నట్టు తలకాయ ఊపిన.

ఒకపారి ఎనుక గజ్జె ఘల్లుమన్నది. క్లాసుల ఎనుక బెంచీ కదిలితె చేసినట్టే, తిరిగి గూడ చూడకుండ వేలు పైకి లేపిన. సప్పుడు ఆగింది.

00:05... 00:04... నా లెక్క ఎన్నడు తప్పదు. సరిగ్గ సున్నా కాడ, "ఇప్పుడు మా మల్లన్న బృందం చిరుతల ఆట!" అని చెయ్యి ఎనుకకు చాపిన. హాలంతా చప్పట్లు. స్టేజీ మీద లైట్లు ఆరిపోయినయి.

"వావ్, వాట్ ఎ వండర్‌ఫుల్ టాక్! థ్యాంక్యూ సర్! నెక్స్ట్..." అని ఎవరో మైకుల అంటున్నరు. నల్ల టీషర్టుల పోరగాండ్లు గిటార్లు పట్టుకొని మమ్ముల తోసుకుంట స్టేజీ ఎక్కుతున్నరు.

నేను ఉరికి మేడంను పట్టుకున్న. "అమ్మా, మా వాళ్లు ఇంక ఆడలే!"

"సర్, ట్వెంటీ మినిట్స్ స్లాట్ అని చెప్పాను కదా. టైమర్ మీ ముందే ఉంది."

"అది... అతిథులు వచ్చే టైము గాదా?"

"ఏ అతిథులు సర్? అవి స్పాన్సర్ల సోఫాలు. వాళ్లు ఎప్పుడూ రారు."

"ఒక్క అయిదు నిమిషాలు ఇయ్యమ్మా. నీకు దండం పెడ్త. వాళ్ల షిఫ్టులు..."

"సారీ సర్, ప్రోగ్రామ్స్ బ్యాక్ టు బ్యాక్ ఉన్నాయి. కావాలంటే బయట ఫోటో కార్నర్ ఉంది. కాస్ట్యూమ్స్ చాలా బాగున్నాయి, అక్కడ నిలబడండి."

మల్లన్న దిక్కు తిరిగిన. చివరికి ఆయన మీదనే కోపానికొచ్చిన. "మల్లన్నా, టైము అయితున్నదని మీకు ఎరుకైతె నా అంగీ పట్టి గుంజరాదు?"

"సారు మాట్లాడుతుంటె నడుమల ఎట్ల గుంజుత సార్?" అన్నడు మల్లన్న. "మీరు సారు గద."

గింతల శిరీష దోస్తులు వచ్చిండ్రు. ఒక పిల్ల సీదా నా దగ్గరికొచ్చి, "అంకుల్, సూపర్ మాట్లాడిండ్రు! శిరీషా, మీ డాడీ మస్తు ఫన్నీ!" అన్నది.

శిరీష ముఖం చిన్నగైంది. "ఈయన మా సార్. మా నాయిన ఆయన" అని చూపెట్టింది. రంగు పూసుకొని, రెండు చిరుతలు సంకల పెట్టుకొని నిలబడ్డ మల్లన్న ఆ పిల్లలకు నమస్తే పెట్టిండు.

అప్పటికే ఆరు దాటింది. బస్సు అందాలంటే వాళ్లు కదలాలె. "పో బిడ్డా, మీ వార్డెన్ మేడం తిడతది" అన్నడు మల్లన్న. అది పోయింది. తర్వాత మా అయిదుగురిని ప్లాస్టిక్ ఎడ్లబండి కాడ నిలబెట్టి జనం సెల్ఫీలు దిగిండ్రు. "అన్నా, కర్రలు జెర పైకి పట్టు" అని ఒకాయన. మల్లన్న పైకి పట్టిండు.

వ్యాన్ల ఊరికి మర్లినం. పటాన్‌చెరు దాటి కంపెనీల వాసన కిటికీలకెళ్లి కొడుతుంటె సత్తన్న మెల్లగ అడిగిండు, "సార్, గా వంటాయనది ఏ ఊరు?"

నేను కిటికీ దిక్కు చూసిన.

"జిన్నారం దిక్కే ఉంటది తియ్యి" అని తనే చెప్పుకున్నడు. నలుగురు నవ్విండ్రు. మల్లన్న నవ్వలే. వాళ్లు తిట్టినా మంచిగుండు. తెల్లారి మల్లన్న 'ఏ' షిఫ్టుకు పోతె చెవుల ఎనుక రంగు పోలేదట. "క్యా మల్లన్నా, కిస్‌కీ శాదీ థీ?" అని, ఎవరి పెండ్లికి పోయొచ్చినవన్నట్టు, గేటు కాడ సెక్యూరిటీ అడిగిండట. మళ్ల అయిదుగురికి ఒక్క దినం సెలవు ఎప్పుడు దొరుకుతదో ఏ సూపర్‌వైజరుకూ ఎరుక లేదు.

నిన్న ఆ మేడం వీడియో పంపింది. సిగ్గుతోటి నేను తెరువలే. శిరీషకు పంపిన, ఒక్క మాట గూడ రాయలే. పొద్దుగాల అదే ఫోన్ చేసింది.

"సార్, వీడియో చూసిన. మీ ఎనుక నాయిన మంచిగ కనబడుతుండు. మొదటి సంది మడిమెతోటి తాళం ఏస్తనే ఉన్నడు సార్, గజ్జె మోగకుండ. ఒక్కపారి మోగింది, ఆ దినం హాల్ల నాకు వినబడ్డది. మీరు వేలు లేపినంక ఇగ ఆపిండు. నాలుగుసార్లు చూసిన సార్. పాగ కట్టుకున్న నాయిన మంచిగున్నడు."

క్షమించమని అడగాలె. అడుగుదామనే నోరు తెరిసిన. ఇరవై రెండేండ్ల అలవాటు ఎక్కడికి పోతది? నా నోట్లకెళ్లి వచ్చిన మాట ఏందో తెలుసా?

"మరి... నా కథ ఎట్లున్నదమ్మా?"

అది అబద్ధం చెప్పదు. నేను నేర్పిన పిల్లనే గదా.

"ఏమో సార్" అన్నది. "నాలుగుసార్లు సౌండ్ బంద్ పెట్టే చూసిన."