కింగ్ మోనార్క్ చావు సీను

వెర్డెల్ పికెట్ రాసిన పాటను మా పేటలోనే పుట్టిన ఒక రాపర్ తనదని చెప్పుకుని కేసెట్ వేశాడు. ఆ ఎండాకాలమంతా మెంఫిస్‌లో ప్రతి కారులోనూ అదే మోగింది. రేడియోలో ఎవరో వెర్డెల్ పేరెత్తితే వాడు, "ఆ పిల్లా? స్టూడియోలో మాకు తిండి తెచ్చిపెట్టేది" అన్నాడు. వంటింట్లో నిలబడి ఆమె ఆ మాట విన్నది. లాయరు దగ్గరికి వెళ్ళలేదు. వెళ్ళినా మా ఆరెంజ్ మౌండ్ లాంటి నల్లవాళ్ళ పేట పిల్ల మాట ఎవరు వింటారు? నేరుగా కమ్యూనిటీ టీవీ స్టేషన్‌కు వెళ్ళి, పని నేర్చుకుని, అక్కడి కెమెరా అరువు తెచ్చుకుంది.

ఆమె మొదలుపెట్టింది ఒక దొంగ డాక్యుమెంటరీ. కింగ్ మోనార్క్ అనే లేని రాపర్‌ను ఉన్నట్టు నమ్మించి, ముఖంలో నవ్వు కనపడనీయకుండా ఇంటర్వ్యూలు చేస్తూ రాపర్ల బడాయిని ఎండగట్టాలి. వెర్డెల్ పెద్దమ్మ ఎర్లీన్ కొడుకు లోన్జో మోనార్క్ అయ్యాడు. మెడలో వేలాడేది పసుపు రంగు కొట్టిన కుక్క గొలుసు. ఎవరిదో కారులో కూర్చుని "ఇలాంటివి నాకు ఊరికొకటి" అంటుంటే, "సీటుకి చెమటంటిందంటే చెప్తా నీ పని" అని వెనక నుంచి కారు యజమాని అరిచాడు. వెర్డెల్ ఆ అరుపునూ సినిమాలో ఉంచేసింది.

కేసెట్లు అమ్ముడవడానికి మోనార్క్ చచ్చినట్టు నాటకమాడతాడు, అదీ ముగింపు. మా దగ్గర కుర్రాడెవడైనా పోతే వాడి ఫొటో అచ్చువేసిన టీషర్టులు తొడుక్కుంటాం. సమాధి రాయి కంటే ముందు చొక్కా వస్తుంది. వెర్డెల్ లోన్జో ఫొటోతో అలాంటివే వేయించింది. లైటు పట్టే డార్నెల్ ఉతికిన బట్టలు లేక అందులో ఒకటి తొడుక్కుని పాలకు దుకాణానికి పోయాడు. కింద మోనార్క్ అని ఉన్నా, అలాంటి చొక్కా మీద అక్షరాలు చదివే ఓపిక ఎవరికుంటుంది?

మధ్యాహ్నానికల్లా తెల్లబట్టలు కట్టిన చర్చి ముసలమ్మలు చావింటికి తెచ్చే వేయించిన కోడి, కేకులతో ఎర్లీన్ వరండా నింపేశారు. ఆసుపత్రిలో దుప్పట్లుతికి వస్తున్న ఎర్లీన్ వాళ్ళను చూసి మెట్ల మీద కూలబడిపోయింది. ఆమె పెద్దకొడుకు కర్టిస్ పోయినప్పుడు వేయించిన చొక్కా ఇంకా ఆమె బీరువాలో మడతపెట్టి ఉంది.

అంతలో లోన్జో ఈల వేసుకుంటూ వచ్చి కోడిముక్క అందుకున్నాడు.

"ఎవరు పోయారు?"

ఒక ముసలమ్మ వాడి చేతిమీద కొట్టి ముక్క లాక్కుంది. "నువ్వేరా, దరిద్రుడా."

ఎర్లీన్ వెర్డెల్‌ను పిలిపించింది.

"ఆ చొక్కాలన్నీ ఇలా పడెయ్. తగలబెడతాను."

"తెచ్చాను పెద్దమ్మా."

"ఆ సినిమా కూడా."

"అది ఇవ్వను."

"నా గుమ్మంలో నిలబడి ఇవ్వనంటావటే?"

"తప్పు నాదే. ఆదివారం చర్చిలో అందరి ముందూ చెప్తాను. చావు సీను తీసేస్తాను. సినిమా మాత్రం ఆపను."

అన్నట్టే చెప్పింది. చాలామంది తల తిప్పుకున్నారు. ముగింపు లేని సినిమాను వేసేది లేదన్నారు స్టేషన్‌వాళ్ళు. మా పేట మీద సినిమా అంటే తుపాకులే కావాలి లోకానికి. తుపాకీ ముగింపు మాత్రం పెట్టనని ఆమె భీష్మించుకుంది. తీసినదాన్నే మళ్ళీ మళ్ళీ తిప్పి చూస్తూ కూర్చుంది.

చివరికి ఎర్లీనే వచ్చింది.

"చచ్చినట్టు నటిస్తాడే ఆ మోనార్క్, వాడికి తల్లి లేదా?"

"రాయలేదు పెద్దమ్మా."

"అక్కడే చెడింది. తల్లి ఉంటే ఆ నాటకం ఎంతసేపు సాగుతుంది? తల్లి వేషానికి నేనొస్తాను."

షూటింగు రోజున చర్చి టోపీ పెట్టుకుని, చేతిలో చెప్పు పట్టుకుని వచ్చింది. శవపేటికగా పెట్టిన ఫ్రిజ్ అట్టపెట్టెలో కళ్ళు మూసుకుని పడుకున్న మోనార్క్‌ను చెవి పట్టి లేపి, పెరడంతా తిప్పి కొట్టింది. ఎవరూ రాయని తిట్లు తిట్టింది. కర్టిస్ పేరు కూడా ఒకసారి ఆ తిట్లలో వచ్చింది. అప్పుడు చూడ్డానికి చేరిన మేం నవ్వడం ఆపాం. ఆమె కొట్టడం ఆపలేదు.

టేపు వేసి చూస్తే, పక్కింటివాడి గడ్డి కోసే మిషను మోత తప్ప మాట ఒక్కటీ వినపడలేదు.

ఆ తర్వాత వెర్డెల్ నాకు పార్క్ అవెన్యూ బస్టాపులో కనపడింది. కెమెరా పెట్టె ఒళ్ళో ఉంది.

"ఇంక వదిలేస్తావా?" అన్నాను.

"వదలడమేంటి? పెద్దమ్మ మళ్ళీ కొడతానంది. పక్కింటాయన మిషను తాళం కూడా లాక్కొచ్చింది. లోన్జోగాడే వీపు వాచిందని రానంటున్నాడు. నీ ఎత్తూ వాడి ఎత్తూ ఒకటే కదా. పద, నీ ముఖం కనపడకుండా వెనక నుంచి తీస్తాను."