ఎదురింటి నూకాలమ్మ అందుకున్న "ఓ"

మా చిన్నప్పుడు... రేవు పక్కనున్న వన్ టౌన్‌లోని మా సందులో క్రిస్మస్ నక్షత్రాల కంటే ముందు మా మామ్మ ఆగ్నేసమ్మ "ఓ" వెలిగేది.

క్రిస్మస్‌కి ముందొచ్చే ఆగమన కాలం చివరి వారం. రోజుకో ఇంట్లో సాయంత్రం ప్రార్థన. ఊదారంగు కొవ్వొత్తులు, వాటి మధ్య ఒక్క గులాబీరంగుది... వెలిగించగానే మామ్మ కళ్ళు మూసుకుని పాట ఎత్తుకునేది. ఒకరోజు "ఓ... జ్ఞానమా", ఇంకోరోజు "ఓ... ఉదయతారా". వెనకాల మేమంతా "రమ్ము... ఆలస్యము చేయకుము" అనాలి.

తర్వాత ఇంజినీరింగ్‌లో ధ్వని గురించి చదివాను గానీ, ఆ "ఓ" ఏ సూత్రానికీ లొంగదని సవినయంగా మనవి చేస్తున్నాను. రేవులో ఓడ కూత మొదలై ఆగిపోయినా, మామ్మ ఆగేది కాదు!

పిల్లల భక్తి మాత్రం గులాబీపువ్వుల మీద... నూనెలో వేయించిన పిండివంట లెండి.

మామ్మ కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఆ పాట ఒక్క సాయంత్రమూ తప్పలేదట. అలాంటిది ఒక ఏడు, ఆఖరి రోజు, మా ఇంట్లో "ఓ ఇమ్మానుయేలూ" పాడాల్సిన వేళకి... గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలే!

నాన్న ప్రయత్నించారు, దగ్గొచ్చింది. జోసెఫ్ మావయ్య ఎత్తుకున్నాడు, సగంలోనే ఊపిరైపోయింది.

"బావా, అది 'ఓ' కాదు, ఆవులింత!" అన్నారు నాన్న.

ఎవరూ నవ్వలేదు. మామ్మ కళ్ళల్లో నీళ్ళు...

అప్పుడు లేచింది, ఎదురింటి అరుగు మీంచి నూకాలమ్మ. వీధులన్నీ తిరిగి చేపలమ్మే మనిషి. ఏటా మా ప్రార్థన అక్కడ కూర్చునే వినేది.

"అప్పా, నువ్ కూకో. పిలవడవే కదేటి! సంద్రంలో ఏటకెల్లినోడు రావాలని నాను రోజూ పిలుత్తన్నాను" అంటూ లోపలికొచ్చి కొంగు బిగించింది.

"ఓ...!"

కొవ్వొత్తుల మంటలు వంగి దణ్ణం పెట్టాయి. సముద్రం మీదున్న పడవని ఒడ్డు నుంచి పిలిచినట్టే పిలిచింది. అన్నేళ్ళుగా నిద్రమత్తులో "రమ్ము" అన్న మాకు, ఆ మాటకి అర్థం ఆరోజే తెలిసింది. మామ్మ గొంతులేని పెదవులతోనే పాడుతూ, నూకాలమ్మ చెయ్యి వదల్లేదు.

పాట అయ్యాక నూకాలమ్మ నా వైపు తిరిగి, "ఒరే, ఆ పువ్వులు ఇటెట్టు, గొంతెండిపోనాది!" అంది. పళ్ళెం మొత్తం సమర్పించుకున్నాను. నా బాల్యంలో అంతకు మించిన త్యాగం లేదు.

ఇప్పుడు మామ్మ లేదు... అరుగులూ లేవు. ప్రార్థన అపార్ట్‌మెంట్ హాల్లో, ఏసీ కోసం తలుపులేసుకుని, బ్లూటూత్ స్పీకర్‌తో. "ఓ" శ్రుతి తప్పదు, ఊపిరి అందకపోవడమూ ఉండదు. కానీ మూసిన తలుపుల్లోంచి ఎదురింటికి ఏం వినబడుతుంది?

మీ వాళ్ళ గొంతు ఆగిన రోజున, పాట అందుకున్న ఎదురింటివాళ్ళు ఎవరు? చెప్పండి... కాస్త గట్టిగా, అరుగు దాకా వినబడేలా.